రొయ్యల తెల్లమచ్చల వైరస్‌కు యాంటీబాడీ పరీక్ష తయారుచేసే విధానం

కడపలో ఉప్పునీటి రొయ్యల చెరువులు లేకపోయినా, రొయ్యల తెల్లమచ్చల వైరస్‌ను పట్టే పరీక్షను ఇక్కడి బయోటెక్నాలజీ ప్రయోగశాలలో తయారుచేయవచ్చు. రొయ్య శరీరంలో యాంటీబాడీలు పుట్టవు కనుక, పశువులకు చేసినట్టు రక్తంలో వాటి కోసం వెతకడం వృథా. రొయ్య కణజాలంలోని వైరస్ ప్రొటీన్‌నే ఎలుక యాంటీబాడీతో పట్టుకోవాలి.

వైరస్ పైపొరలో సమృద్ధిగా ఉండే వీపీ28 అనే ప్రొటీన్ ఇందుకు అనువైనది. దాని జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, హిస్టిడిన్ తోకతో (శుద్ధిలో పట్టుగా పనికివచ్చే చిన్న అమైనో ఆమ్లాల గొలుసుతో) ప్రొటీన్‌ను తీసి శుద్ధిచేస్తే, సజీవ వైరస్‌ను పెంచే అవసరం తప్పుతుంది. జంతు నైతిక కమిటీ అనుమతి పొందాక దానిని ఎలుకలకు ఎక్కించి, ప్లీహ కణాలను మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపి, యాంటీబాడీని తయారుచేస్తూ పెరిగే సంకర కణాలైన హైబ్రిడోమాలను పెంచాలి.

అసలు చిక్కు క్లోన్ల (ఒక్కో హైబ్రిడోమా కణం నుంచి పెరిగిన గుంపుల) ఎంపికలో ఉంది. ఎక్కించిన ప్రొటీన్‌తోనే ఎలైజా (యాంటీబాడీ పట్టిన చోట రంగు వచ్చే పరీక్ష) చేసి, రంగు ముదిరిన క్లోన్లను దాచుకుంటే, వాటిలో కొన్ని వీపీ28ను కాక హిస్టిడిన్ తోకనో, శుద్ధిలో మిగిలిన బ్యాక్టీరియా ప్రొటీన్‌నో పట్టేవి కావచ్చు. అందువల్ల ప్రతి క్లోన్‌ను, పీసీఆర్‌లో (వైరస్ జన్యు పదార్థాన్ని గుర్తించే పరీక్షలో) వైరస్ ఉందని తేలిన రొయ్యల మొప్పల సారంపైనా, లేదని తేలిన వాటి సారంపైనా పక్కపక్కనే పరీక్షించాలి. రెండవదానిలోనూ రంగు వస్తే, ఎంత కష్టపడి సాధించిన క్లోన్ అయినా పారవేయవలసిందే.

నెల్లూరు చెరువుల నుంచి బద్వేలు మీదుగా వచ్చే నమూనాలను మంచులో తెప్పించుకోవాలి. ఇథనాల్‌లో వేసినవి పీసీఆర్‌కు బాగా పనికివస్తాయి గాని, అందులో ప్రొటీన్ ఆకృతి చెడి యాంటీబాడీకి చిక్కకపోవచ్చు. మొప్పలు, ఈతకాళ్లు తీసుకోవాలి. రొయ్య జీర్ణగ్రంథి అయిన కాలేయక్లోమపు గొట్టాల కణాల్లో ఈ వైరస్ పెరగదు కనుక దానిని తీసుకోరాదు.

చెరువు గట్టు మీద వాడే పరీక్ష పట్టీకి (స్ట్రిప్‌కు), వీపీ28పై వేర్వేరు చోట్ల పట్టే రెండు యాంటీబాడీలు కావాలి. ఒకదానిని బంగారు నానోకణాలకు అంటించి, రెండవదానిని నైట్రోసెల్యులోజ్ పొరపై పరీక్ష గీతగా గీసి, ద్రవం పాకే దారిలో దాని తర్వాత ఎలుక యాంటీబాడీని పట్టే మరొకదానిని కంట్రోల్ గీతగా ఉంచాలి. కంట్రోల్ గీత రాని స్ట్రిప్ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నిల్వ గుణాన్ని తేల్చడానికి మాత్రం కడప ఎండాకాలమే ఉచితంగా దొరికే పరికరం: సిలికా జెల్‌తో మూసిన స్ట్రిప్‌లలో సగం ఫ్రిజ్‌లో, సగం ఏప్రిల్, మే నెలల గది వేడిలో ఉంచి, ఒకే నమూనాతో పోల్చాలి.

చివరగా, వైరస్ ఉన్న సారాన్ని క్రమంగా పలుచన చేస్తూ, ఎంతవరకు గీత కనబడుతుందో పీసీఆర్‌తో పక్కపక్కన నమోదుచేయాలి. పలుచన పెరిగేకొద్దీ స్ట్రిప్ పీసీఆర్ కంటే ముందుగానే వైరస్‌ను చూపడం ఆపేస్తుంది కనుక, హేచరీ సీడ్‌కు (రొయ్య పిల్లలకు) పీసీఆర్‌నే సూచించి, మేత తగ్గి రొయ్యలు గట్టుకు చేరుతున్న చెరువులకు స్ట్రిప్‌ను వాడమని వాడుక పత్రంలో రాయాలి.