వేరే ప్రాసెసర్‌కి లినక్స్ ఇమేజ్ కట్టడం – 3వ పాఠం: డెబియన్‌ని దింపుదాం

పోయిన పాఠంలో ఖాళీ ఇమేజ్ ఫైలు చేసి, రెండు పార్టిషన్లు వేసి, పెద్దదాన్ని ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి మౌంట్ చేసుకున్నాం. ఇవాళ అందులోకి డెబియన్‌ని (లినక్స్‌లో ఒక రకం) దింపుదాం. మన పీసీ ప్రాసెసర్ ఎక్స్86-64 రకం, ఈ ఇమేజ్ నడవబోయే బోర్డుది ఏఆర్ఎం64 రకం. బోర్డు ఇంకా చేతికి రాకపోయినా ఫర్వాలేదు, ఈ పాఠంలో దాంతో పని లేదు.

వాడబోయే టూల్ డీబూట్‌స్ట్రాప్. ఆర్కిటెక్చర్, విడుదల పేరు (మనకి బుక్‌వార్మ్), ఎక్కడ దించాలో ఆ ఫోల్డరు చెబితే చాలు, కనీస సిస్టం కట్టిపెడుతుంది. ఆర్కిటెక్చర్ వేరే కాబట్టి 'ఫారిన్' ఆప్షన్ కూడా ఇవ్వండి. అప్పుడది ప్యాకేజీలు తెచ్చి, విప్పి, సగంలో ఆగుతుంది. ప్యాకేజీ అంటే మూటే కదా, మూట విప్పడానికి ఏ ప్రాసెసరైనా ఒకటే. చిక్కంతా తర్వాతే. ప్రతి ప్యాకేజీకీ ఇన్‌స్టాల్ అయ్యాక నడవాల్సిన స్క్రిప్టులుంటాయి. వాటిని నడిపే షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) ఏఆర్ఎం64ది.

ఒకసారి కావాలనే తప్పు చేసి చూడండి. ఏ ఎమ్యులేటరూ (వేరే ప్రాసెసర్‌లా నటించే ప్రోగ్రాం) పెట్టకుండా ఆ ఫోల్డర్లోకి సీహెచ్‌రూట్ (ఆ ఫోల్డరే మొత్తం సిస్టం అన్నట్టు లోపలికెళ్లే కమాండ్) కొడితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని వస్తుంది. కెర్నల్‌కి, అంటే సిస్టం గుండెకాయకి, ఎలా తెలిసింది? లినక్స్ ప్రోగ్రాములు ఈఎల్ఎఫ్ ఫైళ్లు. మొదటి బైటు 127, తర్వాత మూడు బైట్లలో ఈ, ఎల్, ఎఫ్ అక్షరాలు. సున్నా నుంచి లెక్కపెడితే 18వ బైటు దగ్గర ప్రాసెసర్ నంబరు ఉంటుంది: ఎక్స్86-64కి 62, ఏఆర్ఎం64కి 183. మన కెర్నల్ 183 చూసి 'ఇది నాది కాదు' అనేసింది.

ఆ 183ని క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌కి అప్పగించాలి. కెర్నల్లో బిన్‌ఎఫ్ఎంటీ-మిస్క్ అనే ఏర్పాటు ఉంది: ఫలానా బైట్లతో మొదలయ్యే ఫైలొస్తే ఫలానా ప్రోగ్రాంకి ఇవ్వు అని ముందే రాయించుకోవచ్చు. డెబియన్, ఉబుంటుల్లో క్యూఈఎంయూ-యూజర్-స్టాటిక్, బిన్‌ఎఫ్ఎంటీ-సపోర్ట్ ప్యాకేజీలు పెట్టుకుంటే ఆ రాతకోతలు అవే చూసుకుంటాయి. ప్రాక్ ఫోల్డర్ కింద దాని ఎంట్రీ తెరిస్తే 'మ్యాజిక్' అనే పొడవాటి వరుస కనిపిస్తుంది. దాని చివర చూడండి, బీ700 ఉంటుంది. బీ7 అంటే హెక్స్‌లో మన 183.

అదే ఎంట్రీలో 'ఫ్లాగ్స్' వరుసలో ఎఫ్ అక్షరం ఉందో లేదో తప్పకుండా చూడండి. అది లేకపోతే కెర్నల్ క్యూఈఎంయూ కోసం సీహెచ్‌రూట్ లోపల వెతుకుతుంది. అక్కడ ఉండదు. అప్పుడొచ్చే మెసేజ్ 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. షెల్ ఫైలు ఎదురుగానే ఉంటుంది, లేదంటుంది! ఈ ఒక్క మాట నమ్మి నేను మొత్తం రూట్ ఫైల్‌సిస్టం రెండుసార్లు తుడిచి మళ్లీ దించాను. లేనిది షెల్ కాదు, దాన్ని నడిపించాల్సిన క్యూఈఎంయూ. కెర్నల్ 4.8 నుంచి ఉన్న ఈ ఎఫ్ ఫ్లాగుంటే, నమోదు చేసేటప్పుడే క్యూఈఎంయూని తెరిచి పట్టుకుంటుంది, ఇక లోపల వెతకదు. పాత కెర్నలైతే స్టాటిక్ క్యూఈఎంయూని లోపల యూజర్ బిన్‌లోకి కాపీ చేయండి. స్టాటిక్ (తనకి కావాల్సిన లైబ్రరీలు తనలోనే ఉన్నది) ఎందుకంటే, లోపలున్న లైబ్రరీలన్నీ ఏఆర్ఎం64వే, మన పీసీ క్యూఈఎంయూకి అవి పనికిరావు.

ఇప్పుడు సీహెచ్‌రూట్ ద్వారా లోపలున్న డీబూట్‌స్ట్రాప్‌ని 'సెకండ్ స్టేజ్' ఆప్షన్‌తో నడపండి. స్క్రీన్ మీద 'కాన్ఫిగరింగ్' వరుసలు నింపాదిగా వస్తాయి. హ్యాంగ్ అయిందని టెన్షన్ పడకండి, ఎమ్యులేషన్ అంతే. కెర్నల్ లాంటి పెద్దవాటిని ఇక్కడ కంపైల్ చేయాలని మాత్రం చూడకండి. దానికి క్రాస్ కంపైలర్ (మన పీసీలో నడుస్తూ వేరే ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేసేది) ఉంది, అది 4వ పాఠం.

అయ్యాక లోపల 'యూనేమ్' కమాండ్‌ని మెషిన్ పేరు అడగండి, ఆర్క్64 అంటుంది. కెర్నల్ వెర్షన్ అడిగితే మీ పీసీదే చెబుతుంది. లోపల ఇంకా కెర్నలే లేదు మరి; క్యూఈఎంయూ ప్రోగ్రాముల్లోని సూచనలను మార్చి నడిపిస్తుంది, సిస్టం కాల్స్ మాత్రం మన కెర్నల్‌కే వస్తాయి.

ఇంటిపని: రూట్ పాస్‌వర్డ్, హోస్ట్‌నేమ్ పెట్టండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) పార్టిషన్‌ని డివైస్ పేరుతో కాకుండా యూయూఐడీతో (పార్టిషన్ సొంత గుర్తింపు సంఖ్య) రాయండి, మన లూప్ డివైస్ (ఇమేజ్ ఫైలుని డిస్కులా చూపించేది) పేరు బోర్డులో ఉండదు. మీ పీసీ ప్రాక్, డెవ్ ఫోల్డర్లని లోపల బైండ్ చేసి (అక్కడా కనిపించేలా తగిలించి) ఉంటే, ఫోల్డర్ డిలీట్ చేసే ముందు వాటిని అన్‌మౌంట్ చేయండి. అవి తగిలించి ఉండగా ఫోల్డర్ డిలీట్ కొడితే పోయేది మీ పీసీ డెవ్ ఫైళ్లే.