బోరింగ్ కొట్టించే ముందు ఇవి చూస్కోండి

సీసీ పెంచడానికి కారు ఇంజిన్ సిలిండర్లని బోరింగ్ కొట్టించి వెడల్పు చేయిద్దాం అనుకుంటే, ముందు లెక్క వేస్కోండి. పాత మారుతి ఎస్టీమ్ 1.3 ఇంజిన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 74 ఎంఎం, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 75.5, అంటే నాలుగు సిలిండర్లకి కలిపి 1298 సీసీ. బోర్‌ని 75కి కొట్టిస్తే వచ్చేది 1334, మొత్తం పెరిగింది 36 సీసీ అంతే! దీనికోసమా ఇంజిన్ మొత్తం దింపేది అని ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి, నిజంగా సీసీ కావాలంటే క్రాంక్ (పిస్టన్లని ఆడించే షాఫ్ట్) కూడా మార్చి స్ట్రోక్ పెంచాలి, అక్కడే జేబుకి చిల్లు.

బ్లాక్ (సిలిండర్లుండే దిమ్మ) విప్పాక క్రాక్ ఉందా, సిలిండర్ గోడ మందం సరిపోతుందా చూపించండి. పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్, ముందు కాదు. ఆటోనగర్‌లో మేస్త్రీ "రేపు ఇచ్చేస్తా అన్నా, బ్లాక్ పెట్టెళ్ళు" అంటాడు, పెట్టొద్దు, ఒక్కో పిస్టన్ కొలిచి దాని క్లియరెన్స్‌కి (పిస్టన్‌కీ గోడకీ మధ్య ఖాళీ) తగ్గట్టే కొట్టాలి. నేను తొందరపడి ముందే కొట్టించి, రెండోసారి బోర్ కొట్టించుకోవాల్సొచ్చింది, అదో కథ.

హెడ్ గ్యాస్కెట్ (బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య సీల్) రంధ్రం కొత్త బోర్ కన్నా పెద్దదే ఉండాలి. కంప్రెషన్ (సిలిండర్లో పెట్రోల్-గాలి నొక్కుడు) కూడా పెరుగుతుంది, బెజవాడ మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) మొదలవుద్ది, కాబట్టి రేడియేటర్, ఫ్యాన్ ముందే చూస్కోండి.

ఖర్చులో బోరింగ్ చిన్న ముక్క, పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్లచ్, ట్యూనింగ్, ఇవే తినేస్తాయి. అనుకున్నదానికి పైన కనీసం పావు వంతు పక్కన పెట్టండి.

ఆర్సీలో సీసీ రాసుంటుంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, కాబట్టి ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. ఇన్సూరెన్స్ వాళ్ళకీ ముందే చెప్పండి.