రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లు మ్యూజియానికి వెళ్తే ఎలా చూడాలి?

సైన్స్ మ్యూజియంలో రాళ్ల గ్యాలరీని చాలామంది పావుగంటలో దాటేస్తారు. మెరిసేదాని దగ్గర ఒక ఫొటో, వజ్రం దగ్గర ఇంకో ఫొటో, అంతే, బయటికి. అద్దాల పెట్టెల్లో వందల రాళ్లు వరసగా పేర్చి ఉంటే, ఒక్కోదాని కింద నోరు తిరగని పేరు ఉంటే ఎవరికైనా అలాగే అవుతుంది. కానీ రాళ్లంటే నిజంగా ఇష్టమున్నవాళ్లు కూడా అలా చూసి వచ్చేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే కొండల్లో ఏళ్ల తరబడి తిరిగినా దొరకనివి, ఎప్పుడో మూతపడిన గనుల్లోంచి వచ్చినవి, అసలు ఈ భూమ్మీద పుట్టనివి కూడా అక్కడ మన ముఖానికి అర అడుగు దూరంలో ఉంటాయి. వాటిని ఎలా చూస్తే మనసుకు పడుతుందో నాకు తెలిసిన పద్ధతి చెప్తాను. అందులో ముఖ్యమైనది ఒక్కటే: ముందు రాయిని చూడండి, లేబుల్ తర్వాత చదవండి.

వెళ్లే ముందు

మ్యూజియం వెబ్‌సైట్‌లో రెండు విషయాలు చూసుకోండి. రాళ్ల గ్యాలరీ ఆ రోజు తెరిచి ఉందా, ఫొటోలు తీసుకోనిస్తారా. మరమ్మతుల కోసం ఒక్కో హాలు నెలల తరబడి మూసి ఉంచడం మామూలే. వీలైతే సెలవు లేని రోజు పొద్దున్నే వెళ్లండి, పెట్టె ముందు తీరిగ్గా నిలబడాలంటే వెనక ఎవరూ తోసుకోకుండా ఉండాలి.

వెంట ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ చాలు. పెన్ను వాడనివ్వని చోట్లు ఉంటాయి కాబట్టి పెన్సిలే మేలు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, తెల్ల చొక్కా అయితే అద్దంలో రాయి కన్నా మీరే ఎక్కువ కనిపిస్తారు. భూతద్దం గురించి ఒక మాట. రాళ్లు ఏరేవాళ్ల జేబులో ఉండే పదింతల భూతద్దం రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉన్నవాటినే స్పష్టంగా చూపిస్తుంది, అద్దం వెనక ఉన్న రాయి అంతకన్నా దూరంలో ఉంటుంది కాబట్టి అది అక్కడ పనికిరాదు. దగ్గరి వస్తువులను కూడా ఫోకస్ చేయగల చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, గింజలు, గీతలు, ముఖాలు అన్నీ దగ్గరికి వచ్చేస్తాయి. లేకపోతే ఫోన్ కెమెరా జూమ్‌తో సర్దుకోవచ్చు. అయినా భూతద్దం ఇంట్లో పెట్టి రావద్దు, దాని పని వేరే చోట ఉంది.

ఆగకుండా ఒక చుట్టు

లోపలికి వెళ్లగానే మొదటి పెట్టె దగ్గరే అతుక్కుపోకండి. మొత్తం ఒకసారి నడిచి రండి. రాళ్లను ఏ వరసలో పెట్టారో చూసుకోవడమే ఈ చుట్టు పని. ఖనిజాలను సాధారణంగా రసాయన కుటుంబాల వారీగా పెడతారు: బంగారం, గంధకం లాంటి శుద్ధ మూలకాలు ముందు, ఆ తర్వాత సల్ఫైడ్లు, ఆక్సైడ్లు, కార్బొనేట్లు, అలా. సిలికేట్ల, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజాల పెట్టెలే ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి, భూమి పైపొరలో దాదాపు 90 శాతం అవే. ఆ తిరగడంలోనే కాలు దానంతట అదే ఆగిన రాళ్లను ఓ ఆరేడింటిని గుర్తుపెట్టుకోండి. ఆ రోజుకి అవి చాలు. గుర్తించబడిన ఖనిజాలే సుమారు 6 వేలు ఉన్నాయి, అన్నీ చూడాలన్న టెన్షన్ పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు.

లేబుల్ చదవకుండా రాయిని చూడటం

అసలు పని ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఎంచుకున్న రాయి ముందు నిలబడి, లేబుల్ కనిపించకుండా నోట్‌బుక్ అడ్డం పెట్టుకోండి, లేదా చూపు అటు పోకుండా చూసుకోండి. ఇప్పుడు రాయిని ప్రశ్నలు అడగాలి.

శిల అయితే, అంటే మామూలుగా రకరకాల ఖనిజాల గింజలు కలిసిన రాయి అయితే, మొదటి ప్రశ్న: గింజలు కంటికి కనిపిస్తున్నాయా? గ్రానైట్‌లో తెల్లవి, గులాబీవి, నల్లవి విడివిడిగా కనిపిస్తాయి, అంటే కరిగిన పదార్థం భూమి లోపల చాలా మెల్లగా చల్లారింది, స్ఫటికాలకు పెరగడానికి తీరిక దొరికింది. అదే పదార్థం అగ్నిపర్వతం నుంచి బయటపడి త్వరగా చల్లారితే గింజలు కంటికి ఆనని రయొలైట్ అవుతుంది, ఇంకా గబుక్కున గట్టిపడితే స్ఫటికమే ఏర్పడక ఆబ్సిడియన్ అనే నల్లటి గాజు అవుతుంది. గ్రానైట్, రయొలైట్, ఆబ్సిడియన్ చూడటానికి ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి, రసాయనికంగా మాత్రం దాదాపు ఒకటే! ఈ మూడూ ఒకే హాల్లో ఉంటే వాటి మధ్య రెండు మూడుసార్లు అటూ ఇటూ నడవండి. పుస్తకంలో పది పేజీలు చదివినా రాని సంగతి అక్కడ తెలిసిపోతుంది. సన్నటి గింజల మధ్య అక్కడక్కడా పెద్ద స్ఫటికాలు పొదిగినట్టున్న రాయి కనిపిస్తే, అది రెండు దఫాలుగా చల్లారింది అన్నమాట: కొంత లోతులో మెల్లగా, మిగతాది పైకొచ్చాక త్వరగా.

రెండో ప్రశ్న చారల గురించి. ఇసుకరాయిలోనూ చారలుంటాయి, నైస్ అనే రూపాంతర శిలలోనూ (భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారిపోయిన రాయి) ఉంటాయి. ఇసుకరాయి చారలో రేణువులు గుండ్రంగా అరిగి, ఒకదానికొకటి అతికించినట్టు ఉంటాయి. నైస్‌లో మాత్రం తెల్ల ఖనిజాలు ఒక పట్టీగా, నల్ల ఖనిజాలు ఇంకో పట్టీగా విడిపోయి, గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి, చాలాసార్లు ఆ పట్టీలు మడతలు పడి వంగిపోయి ఉంటాయి. ఎర్రటి, బూడిద రంగు పట్టీలున్న ఇనుప రాయి కనిపిస్తే అక్కడ తప్పకుండా ఆగండి. సముద్రంలో కరిగి ఉన్న ఇనుముతో, సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్ కలిసి అడుక్కి దిగిన పొరలు అవి, చాలావరకు 200 కోట్ల ఏళ్లకు పైబడినవి. మనం పీల్చే గాలి తయారవుతున్న రోజులు ఆ పట్టీల్లో ఉన్నాయి, నాకైతే హాల్లోని ఏ రత్నం కన్నా ఆ రాయే గొప్పది.

ఇక ఖనిజమైతే ఆకారంతో మొదలుపెట్టండి. నున్నటి ముఖం కనిపించగానే అది పెరిగిన ముఖమా, పగిలిన ముఖమా అని అడగాలి. రెండూ ఒకటి కాదు. ఫ్లోరైట్ చాలాసార్లు పాచికల్లాంటి ఘనాలుగా పెరుగుతుంది, పగలడం మాత్రం ఎనిమిది ముఖాల ఆకారంలో పగులుతుంది. అందుకే ఘనం మూల చెక్కుకుపోయిన చోట మూడు మూలల నున్నటి ముఖం బయటపడుతుంది, వెతకండి, కనిపిస్తుంది. క్వార్ట్జ్‌కి (పలుగురాయికి) అలా తేలిగ్గా చీలే దారి లేదు కాబట్టి పగిలినచోట గాజు పెంకులా వంకరగా ఉంటుంది. స్ఫటికం పక్కల మీద సన్నటి గీతలున్నాయా? అడ్డంగా ఉంటే క్వార్ట్జ్ కావచ్చు, నిలువుగా ఉండి, అడ్డుకోత కాస్త ఉబ్బిన త్రిభుజంలా ఉంటే టూర్మలిన్ కావచ్చు. బంగారంలా మెరిసే పైరైట్ ఘనం మీద అయితే ఒక ముఖం మీది గీతలకు పక్క ముఖం మీది గీతలు లంబంగా ఉంటాయి.

క్వార్ట్జ్ స్ఫటికాలు ఒకటి సన్నగా, ఒకటి లావుగా, ఒకటి ఒంటిపక్క సాగినట్టు ఉన్నా పక్క ముఖాల మధ్య కోణం మారదు, ఎప్పుడూ 120 డిగ్రీలే. డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలస్ స్టెనో 1669లో గమనించింది ఇదే. స్ఫటికం లోపల ఒక క్రమం ఉందన్న ఆలోచనకు అదొక మొదటి మెట్టు. నాలుగు స్ఫటికాలు పక్కపక్కన ఉన్న పెట్టె దొరికితే మీరే కంటితో పోల్చి చూసుకోవచ్చు.

రంగును చివరికి ఉంచండి, ఎందుకంటే అదే ఎక్కువ మోసం చేస్తుంది. కురువిందంలో (కోరండం) కాస్త క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం, రెండూ ఒకే ఖనిజం. ఫ్లోరైట్‌కి రాని రంగు దాదాపు లేదు. మాలకైట్ పచ్చదనాన్ని, అజురైట్ నీలాన్ని, గంధకం పసుపును మాత్రం నమ్మొచ్చు.

ఇప్పుడు మీ అంచనా నోట్‌బుక్‌లో రాయండి, ఎందుకు అలా అనుకున్నారో ఒక ముక్క కూడా. ఆ తర్వాతే లేబుల్. తప్పితే ఇంకా మంచిది, మళ్లీ రాయి దగ్గరికి వెళ్లి దేన్ని చూసి పొరపడ్డారో వెతకండి. ఒక్కోసారి రాయే అలా ఉంటుంది: ఆకారం చూస్తే అచ్చం పైరైట్ ఘనం, రంగు చూస్తే తుప్పు గోధుమ, లేబుల్ మీద గోథైట్ అని, అంటే తుప్పులాంటి ఇనుప ఖనిజమని ఉంటుంది. పైరైట్ మెల్లమెల్లగా మారిపోయి, దాని ఆకారం మాత్రం మిగిలింది.

లేబుల్‌లో పేరు కన్నా ఊరు ముఖ్యం

లేబుల్ మీద పేరు, రసాయన సూత్రం, దొరికిన చోటు, ఒక్కోసారి ఇచ్చినవారి పేరు, సంవత్సరం, జాబితా సంఖ్య ఉంటాయి. అందరూ పేరు చదివి వదిలేస్తారు. దొరికిన చోటు కూడా రాసుకోండి. నమీబియాలోని సుమెబ్ గని 1996లో మూతపడింది, అక్కడి స్ఫటికాల కోసం ఇప్పటికీ రాళ్లు సేకరించేవాళ్లు తపించిపోతారు. మెక్సికోలోని నైకా గని అంటే పది మీటర్లు దాటిన జిప్సం స్ఫటికాల గుహ. మన దక్కన్ పీఠభూమి లావా రాయి (బసాల్ట్) బుడగల్లో పెరిగిన స్టిల్బైట్, అపోఫిలైట్ స్ఫటికాలు ప్రపంచంలోని చాలా మ్యూజియాల్లో కనిపిస్తాయి. చోటు తెలియని రాయి ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి దాని విలువ బాగా తగ్గిపోతుంది, మీ సొంత సేకరణకూ ఇదే వర్తిస్తుంది. లేబుల్ మీద టైప్ స్పెసిమెన్ అని ఉంటే అది ఆ ఖనిజాన్ని మొదటిసారి వర్ణించడానికి వాడిన నమూనా, దాన్ని ఊరికే దాటిపోవద్దు.

చీకటి గది

అతినీల (అల్ట్రావయొలెట్) కాంతి కింద మెరిసే రాళ్లకు చాలాచోట్ల విడిగా గది ఉంటుంది. లోపలికెళ్లాక రెండు మూడు నిమిషాలు ఆగండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. చిన్న తరంగాలకు, పెద్ద తరంగాలకు రెండు స్విచ్‌లుంటే రెండూ వేసి చూడండి, ఒకే రాయి రెండింటికీ వేరువేరుగా పలుకుతుంది. అమెరికాలోని ఫ్రాంక్లిన్ గనుల రాయి ఉంటే విల్లమైట్ ఆకుపచ్చగా, కాల్సైట్ ఎర్రగా ఒకే ముక్కలో వెలుగుతాయి. లైటు ఆరిన క్షణం కూడా కళ్లు తిప్పకండి, కొన్ని రాళ్లు ఆ తర్వాతా కాసేపు వెలుగుతాయి. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారట్ల నీలి హోప్ వజ్రాన్ని అతినీల కాంతిలో ఉంచి లైటు ఆపితే కొన్ని క్షణాలు ఎర్రగా వెలుగుతుంది.

ఉల్కల దగ్గర

చాలా రకాల ఇనుప ఉల్కలను కోసి, నున్నగా పాలిష్ చేసి, ఆసిడ్ రాస్తే అడ్డదిడ్డంగా పట్టీలు అల్లుకున్న నమూనా బయటపడుతుంది. ఇనుము, నికెల్ కలిసిన లోహం లక్షల ఏళ్లపాటు మెల్లగా చల్లారితేనే అది ఏర్పడుతుంది. పక్కకు వంగి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి, ఎదురుగా నిలబడితే సగం కనపడదు. రాతి ఉల్కలైతే పైన సన్నటి నల్ల పొర కోసం చూడండి, గాలిలో దూసుకొచ్చేటప్పుడు పుట్టిన వేడికి కరిగిన పై తోలు అది. 1969లో మెక్సికోలో పడిన అయెండె ఉల్క ముక్క ఉంటే అందులోని తెల్లటి మచ్చలను వెతకండి, అవి 456 కోట్ల ఏళ్ల కిందటివి. మన సౌర కుటుంబంలో గట్టిపడిన మొట్టమొదటి పదార్థం అదే.

ముట్టుకోవడం, ఫొటోలు

ముట్టుకోనిచ్చే బల్ల ఉంటే పిల్లల కోసమని వదిలేయకండి. గెలీనాను ఒక చేత్తో, అంతే సైజు క్వార్ట్జ్‌ని ఇంకో చేత్తో ఎత్తండి, దాదాపు మూడింతల బరువు తేడా చేతికి తెలుస్తుంది. గెలీనా సీసం ఖనిజం కాబట్టి తర్వాత చేతులు కడుక్కోండి. భూతద్దం పని ఇక్కడే, కంటికి ఆనించి పట్టుకుని రాయిని దాని దగ్గరికి తెచ్చుకోవాలి.

ఫొటోకి ఫోన్ లెన్స్‌ను అద్దానికి బాగా దగ్గరగా పెడితే ప్రతిబింబాలు పోతాయి. ప్రతి రాయికీ లేబుల్ ఫొటో కూడా తీయండి. ఫ్లాష్ వద్దు. అద్దం మీద మెరుపు పడుతుందని మాత్రమే కాదు, మణిశిల (రియాల్గర్ అనే ఎర్రటి ఖనిజం) లాంటివి వెలుతురుకే మెల్లగా పసుపు పొడిగా రాలిపోతాయి, కొన్ని పెట్టెల్లో దీపాలు అంత మసగ్గా ఉండటానికి కారణం అదే.

బయటికి వచ్చేటప్పుడు మెట్లు, గోడలు, నేల కూడా చూడండి. పాత భవనాల సున్నపురాయి పలకల్లో గవ్వల శిలాజాలు తరచుగా ఉంటాయి, వాటికి అద్దాలు అడ్డం లేవు.

ఇంటికొచ్చాక

అదే రోజు రాత్రి నోట్స్ ఒకసారి శుభ్రంగా రాసుకోండి, మర్నాటికి సగం మర్చిపోతారు. రాసుకున్న ఊళ్ల పేర్లు మిన్‌డాట్ (mindat.org) అనే ఖనిజాల వెబ్‌సైట్‌లో వెతికితే ఆ చోట ఇంకా ఏయే ఖనిజాలు దొరికాయో వస్తుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఒక్క క్వార్ట్జ్ కుటుంబాన్నో, ఒక్క రూపాంతర శిలలనో మాత్రమే చూడాలని పెట్టుకోండి.

ఇంకొకటి. మ్యూజియంలో బయట పెట్టేది వాళ్ల దగ్గరున్నదాంట్లో కొద్ది భాగమే, మిగతాదంతా సొరుగుల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అడిగితే చూపిస్తారు, కొన్నిచోట్ల మన రాయి తెస్తే అదేంటో చెప్పే రోజులు కూడా పెడతారు. "మీ దగ్గర మంచి రాళ్లేమైనా ఉన్నాయా" అని అడిగితే పని జరగదు. ఏ ఖనిజం, ఏ చోటిది, ఎందుకు చూడాలనుకుంటున్నారో రెండు మూడు వాక్యాల్లో ముందుగా రాసి పంపండి, మీ రాయి గురించైతే అది ఎక్కడ దొరికిందో, పగిలిన వైపు ఎలా ఉందో ఫొటోతో సహా చెప్పండి.