కోనసీమ ఉక్కలో మొగుడూ పెళ్ళాం కలిసి పరిగెత్తాలంటే

మా ఇంట్లో దండెం మీద తువ్వాలే వాతావరణ శాఖ. రాత్రి పడుకునే ముందు దాన్ని తడిపి, గట్టిగా పిండి, వసారాలో ఆరేస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఒకసారి పట్టుకుని చూస్తే చాలు, ఆ రోజు ఎంత పరిగెత్తాలో తెలిసిపోతుంది. ఆరిపోయి ఉంటే మామూలు పరుగు. చెమ్మగా ఉంటే నెమ్మదిగా. ఆరేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటే మాత్రం నా ఒంటి మీద చెమట కూడా అలాగే ఉండిపోతుందని అర్థం, ఆ రోజు పరుగు సగమైనా చాలు, అది కూడా ఇంటికి దగ్గర్లోనే.

ఫోన్లో ఉష్ణోగ్రత చూసుకుని బయల్దేరేవాళ్ళు మా వైపు దెబ్బతినేది ఇక్కడే. 28 డిగ్రీలే కదా అని వెళ్తారు, పది నిమిషాలకి నాలుక బయటపెడతారు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదండి, ఆ చెమట ఆరితే చల్లబడుతుంది. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం, ఇవి చాలవన్నట్టు అడుగడుక్కీ కాలవలు, వరిచేలు, రొయ్యల చెరువులు. ఇన్ని నీళ్ళ మధ్య గాలి ఇంకెంత చెమ్మని పీల్చుకోగలదు? చెమట మోచేతుల మీంచి బొట్లు బొట్లుగా కారి నేల పాలవుతుంది. ఒంట్లో నీళ్ళు పోతాయి గానీ చల్లదనం రాదు. గుండె పాపం అటు కాళ్ళకీ ఇటు చర్మానికీ రక్తం పంపలేక గబగబా కొట్టుకుంటుంది.

పెళ్ళయ్యాక హైదరాబాదు నుంచి అమలాపురం దగ్గర మా అత్తయ్యగారి ఊరు వచ్చిన కొత్తలో ఇది నాకు తెలియలేదు. అక్కడ పార్కులో ఆడుతూ పాడుతూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని, ఇక్కడ రెండో కిలోమీటరుకే కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడేదాన్ని. బద్ధకం పెరిగిందనుకున్నాను, పెళ్ళి భోజనాలనుకున్నాను. చివరికి తేలిందేంటంటే కిలోమీటర్లు లెక్కపెట్టడమే తప్పు.

కాబట్టి మొదటి పని, కిలోమీటర్లు మర్చిపోండి. నిమిషాలు లెక్కపెట్టుకోండి. నలభై నిమిషాలంటే నలభై నిమిషాలే, అందులో డిసెంబరులో ఆరు కిలోమీటర్లు వస్తాయి, రోహిణి కార్తెలో నాలుగున్నర వస్తాయి, ఏవైనా ఒంటికి పడే కష్టం ఇంచుమించు ఒకటే. దూరం పెట్టుకుంటే ఆ దూరం అయ్యేదాకా ఎండలో ఉండిపోతాం, పైగా నిన్నటికన్నా వెనకబడ్డామన్న టెన్షన్ ఒకటి.

ఇద్దరు కలిసి పరిగెత్తడానికి కూడా ఇదే మందు. మా బావ (మేనబావనే చేసుకున్నాను లెండి) కిలోమీటరు ఆరు నిమిషాల్లో కొట్టేస్తాడు, నాకు ఎనిమిది పడుతుంది. మొదట్లో తను నా పక్కన కాళ్ళీడ్చుకుంటూ విసుక్కునేవాడు, లేకపోతే నేను తన వెనక రొప్పుకుంటూ వెళ్ళి ఇంటికొచ్చాక మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడు చేసేది ఇది: ఇద్దరం మా గుమ్మంలోంచే కాలవ గట్టు మీదకి బయల్దేరతాం, ఎవరి వేగం వాళ్ళది, సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి ఎవరు ఎక్కడుంటే అక్కడే వెనక్కి తిరుగుతాం. తను మూడు కిలోమీటర్లు దాటి వెళ్ళుంటాడు, నేను రెండున్నర దగ్గర ఉంటాను, కానీ వచ్చేసరికి ఇద్దరం గుమ్మం దగ్గర కలుస్తాం. కలవకపోతే ఎవరో ఒకరు వెళ్ళేటప్పుడు ఒంట్లో ఉన్నదంతా ఖర్చు పెట్టేసి వచ్చేటప్పుడు ఈడ్చుకొస్తున్నారన్నమాట. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆ రోజు టీ పెట్టాలి. మా ఇంట్లో టీ ఎక్కువగా ఎవరు పెడతారో చెప్పను.

తువ్వాలు తడిగా ఉన్న రోజు ఇదే పద్ధతిని ముక్కలు చేస్తాం. పది నిమిషాలు వెళ్ళి పది నిమిషాల్లో ఇంటికి, గుమ్మం దగ్గర బకెట్లోంచి రెండు చెంబుల నీళ్ళు తల మీదా మెడ మీదా పోసుకుని, ఓపిక ఉంటే ఇంకో పది పది, లేదంటే అక్కడితో సరి. ఎవరికైనా తేడా చేసినా ఇంటికి పావుగంట, ఇరవై నిమిషాల నడకలోనే ఉంటారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రెండు వారాలు ఓపిక పట్టాలి. మొదటి నాలుగైదు రోజులు ఇరవై నిమిషాలు చాలు, రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆ తర్వాత రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్ళండి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్ళు వేడికి అలవాటు పడుతుంది. చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, ఒంట్లో రక్తంలో నీటిపాలు పెరుగుతుంది కాబట్టి గుండెకి పని తేలికవుతుంది. అయితే ఈ అలవాటు మానేస్తే పోతుంది, రెండు మూడు వారాలు ఏసీ గదుల్లో ఉండి వస్తే చాలావరకు మళ్ళీ మొదటికే. అందుకే సంక్రాంతికో పెళ్ళికో నగరం నుంచి వచ్చిన చుట్టాలు దిగిన మర్నాడే మాతో వస్తామంటే నేను సైకిలిచ్చి పంపిస్తాను.

గత మేలో జరిగింది చెప్తే గానీ తర్వాతి మాట అర్థం కాదు. రోహిణి కార్తె, ముందు రాత్రి రెండు గంటలు కరెంటు లేదు, సరిగ్గా నిద్రలేదు, లేచేసరికి ఆరు. మా వైపు మే నెలాఖరుకి ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది, ఆరున్నరకి ఎండ చిటపటలాడుతుంది. మానేద్దామన్నాను, బావ వాచీలో ఆ వారం లెక్క పూర్తి కాలేదట. సరేనని వెళ్ళాం. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలవలకి నీళ్ళు ఆపేస్తారు కదా, గట్టు మీద ఎప్పుడూ ఉండే ఆ కాస్త చల్లదనం కూడా లేదు. అరగంటయ్యాక నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంత ఉడుకులో చలి! హాయిగా ఉందనుకున్నాను, నా తెలివి అలా తెల్లారింది. ఇంకో రెండు నిమిషాలకి తల తిరిగి గట్టు పక్కన కూలబడి వాంతి చేసుకున్నాను. ఆ పక్కనున్న ఇంటి పెద్దావిడ బోరింగు దగ్గర కూర్చోబెట్టి బిందెడు నీళ్ళు తల మీంచి గుమ్మరించి, "ఎవరు తరిమారమ్మా మిమ్మల్ని?" అని ఒక గంటసేపు తిట్టింది. నీళ్ళూ తిట్లూ రెండూ పనిచేశాయి.

ఎండలో పరిగెడుతుంటే చలిపుట్టినా, తలనొప్పి వచ్చినా, కడుపులో తిప్పినా ఆ క్షణంలో ఆగిపోవాలి, నెమ్మదిగా ఇంటిదాకా లాక్కెళ్దాం అనుకోకూడదు. నీడలో కూర్చుని, తడుపుకుని, గాలి విసురుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది. మనిషి మాట తేడాగా ఉంటే, అయోమయంగా చూస్తుంటే, తూలుతుంటే అది వడదెబ్బే అనుకోండి. లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతినొచ్చు. 108కి ఫోన్ చెయ్యండి, కానీ బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు, ముందు చల్లబరచండి. బోరు నీళ్ళు, తడిబట్ట, విసనకర్ర, మెడ దగ్గరా చంకల్లో గజ్జల్లో ఐసు, ఏది దొరికితే అది. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. జ్వరం బిళ్ళ ఇక్కడ పనిచెయ్యదు. బీపీకో షుగరుకో మందులు వాడేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే ఈ పరుగులు. నొప్పి బిళ్ళ వేసుకుని పరిగెత్తేవాళ్ళు ఉన్నారు, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది, ఆ పని అసలే వద్దు.

అప్పట్నుంచి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. పరుగులో దగ్గరగా ఉన్నప్పుడల్లా ఒకరినొకరు "ఇవాళ కూరేంటి?" అని అడుగుతాం. "వంకాయ, కొత్తిమీర కారం పెట్టి" అని పూర్తి వాక్యం వస్తే బాగున్నట్టే. "వంకా..." దగ్గర ఊపిరి తెగితే వేగం తగ్గించాలి. ఇంట్లో లేని కూర పేరు చెప్తే ఆగి కూర్చోబెట్టాలి.

ఇక నీళ్ళు. మా ఊళ్ళో ఎవర్నడిగినా బొండం తాగమంటారు, అడుగడుక్కీ కొబ్బరిచెట్టే కాబట్టి అది సహజం. బొండం మంచిదే, కాదనను. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం, అంటే మన ఉప్పే. కాబట్టి బొండంతో పాటు ఉప్పు వేసిన ఉప్మానో, ఆవకాయ నంజుకున్న చద్దన్నమో పడాలి. నా ఓటు మాత్రం ఉప్పు వేసిన పల్చటి మజ్జిగకే. మరీ కారిపోయిన రోజు లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టినట్టు కొలిచి కలుపుకోండి, చెంచా అంటే టీస్పూను. నిమ్మకాయ రుచి కోసం. షాపులో ఓఆర్ఎస్ పొట్లం కొంటే దాని మీద రాసినన్ని నీళ్ళే పొయ్యండి, గ్లాసులో సగం పొట్లం వేసుకోవద్దు.

ఎంత తాగాలో తెలియాలంటే పరుగుకి ముందూ తర్వాతా, తడిబట్టలు విప్పి, బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. నలభై నిమిషాల్లో బావ దాదాపు కిలో తగ్గుతాడు, నేను అరకిలో. అప్పటిదాకా ఇద్దరం ఒకే సీసా సమానంగా పంచుకునేవాళ్ళం, తనకి చాలక, నాకు ఎక్కువై. ఎక్కువ తాగితే ఏమవుతుందిలే అనుకోకండి, పరుగయ్యాక బరువు పెరిగిందంటే రక్తంలో ఉప్పు పల్చబడుతుందని అర్థం, అది కూడా ప్రమాదమే. దాహం వేసినప్పుడు తాగితే చాలు, అరగంట లోపు పరుగుకి దారిలో నీళ్ళే అక్కర్లేదు. బయల్దేరే ముందు మేము తినేది చెరొక చక్కెరకేళి, అంతే.

బట్టల విషయంలో నా మాట మా అత్తయ్యకి నచ్చదు. కాటన్ చలవ అంటుంది ఆవిడ. కూర్చున్నవాళ్ళకి చలవే, పరిగెత్తేవాళ్ళకి అది తడిసిన బస్తా. పల్చటి పాలియెస్టరు బనీన్లు, చుడీదార్ టాపంత పొడుగున్నవి కూడా దొరుకుతున్నాయి, నేను అవే వేస్తాను. తొడలూ చంకలూ ఒరుసుకునే చోట కొబ్బరినూనె కన్నా వాజలైన్ ఎక్కువసేపు ఉంటుంది. వానాకాలంలో బూట్లు రెండు జతలుండాలి, ఒకటి ఆరుతుంటే ఇంకోటి. తడిసిన వాటిలో పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. తడి బూట్లతోనే వారం తిరిగితే వేళ్ళ సందులు ఒరిసిపోతాయి, ఊడ్పుల్లో కూలీలకి అయినట్టే.

దారి సంగతి. కాలవ గట్టు బాగుంటుంది గానీ చీకట్లో పురుగూ పుట్రా ఉంటాయి, నుదుటికి కట్టుకునే లైటు లేకుండా వెళ్ళొద్దు. పుంత రోడ్లు (చేల మధ్య మట్టిదారులు) వానకి జారతాయి. దాళ్వా నూర్పిళ్ళప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాన్ని తొక్కితే తిట్లు తప్పవు, తొక్కకూడదు కూడా. చెరువుల వైపు తెల్లవారుజామునే రొయ్యల లారీలు తిరుగుతాయి, అటు మేము వెళ్ళం. కుక్క వెంటపడితే పరుగాపి, దాని వైపు తిరిగి నిలబడి, నెమ్మదిగా నడవండి. కరిస్తే పావుగంట సబ్బునీళ్ళతో కడిగి ఆ రోజే ఇంజెక్షనుకి వెళ్ళాలి. మనుషుల సంగతంటారా, మొదటి నెల "ఏమైందమ్మా, ఎవరికైనా బాలేదా?" అని ఆపి అడిగేవారు. రెండో నెల నుంచి "ఇవాళ ఆలస్యమైందేంటండీ" అంటున్నారు.

ఊళ్ళు తిరిగేటప్పుడు కూడా నిమిషాల లెక్కే, బూట్లు సంచిలో పడేస్తే చాలు. విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు, ఉక్క మాలాగే ఉన్నా సముద్రపు గాలి తగులుతుంటుంది. మారేడుమిల్లి వెళ్ళినప్పుడు చల్లగా ఉంది కదా అని బావ ఎగిరాడు, మా కోనసీమలో ఎత్తంటే వంతెన ఎక్కడమే, ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు పిక్కలు పట్టేసి రెండ్రోజులు మెట్లు దిగలేకపోయాడు. కొండల్లో అయితే ఎక్కేటప్పుడు పరిగెత్తి, దిగేటప్పుడు నడవండి. అంతర్వేదిలో గుడి నుంచి అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్తే వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుంది, ఇసుకలో పరుగు మొదటిసారి పావుగంట చాలు, లేకపోతే మడమ వెనక నరం పట్టేస్తుంది.

అన్నిటికన్నా మాకిష్టమైంది ఆదివారం బండి మీద ఆత్రేయపురం వైపు వెళ్ళడం. లొల్ల లాకుల దగ్గర బండి పెట్టి, కాలవ వెంట చెట్ల నీడలో ఇరవై వెళ్ళి ఇరవై రావడం. పొడిబట్టలు సీటు కింద పెట్టుకోండి, తడి బనీనుతో బండెక్కితే ఒళ్ళు పట్టేస్తుంది. పూతరేకులు మాత్రం బట్టలు మార్చుకుని, చేతులు శుభ్రంగా తుడుచుకున్నాకే కొనండి. ఒకసారి బావ ఆగలేక చెమట చేతులతోనే పొట్లం విప్పాడు, రేకంతా వేళ్ళకి అతుక్కుపోయి బెల్లం ఒక్కటే నోటిదాకా వెళ్ళింది.