ఇంటి బీరును నలుగురూ కలిసి రుచి చూడటం ఎలా?

బీరు చేసినవాళ్లకి "బావుంది", "పర్లేదు" అన్న మాటలతో ఒరిగేదేమీ లేదు. ఏ వాసన వచ్చింది, ఏ రుచి తేడా కొట్టింది అని విడమరిచి చెబితేనే తర్వాతి విడతలో సరిచేసుకోగలుగుతారు. అందుకు ఇంగ్లీషు పదాలు వెతుక్కోనక్కర్లేదు, మన వంటింట్లో ఉన్న పేర్లు చాలు.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో 1978లో వచ్చిన సవరణ ప్రకారం ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడున్నవాళ్లు దుకాణంలో దొరికే క్రాఫ్ట్ బీర్లతోనో, మైక్రోబ్రూవరీలో (అక్కడే బీరు చేసి పోసే బార్‌లో) కూర్చునో ఇదే పద్ధతి పాటించవచ్చు. ఎక్కడైనా 21 ఏళ్లు నిండినవాళ్లే కూర్చోవాలి.

ముందు రోజు

ఇంటి బీరు సీసా అడుగున ఈస్ట్ మడ్డి పేరుకుని ఉంటుంది. కనీసం ఒక రోజు ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచండి, పడుకోబెట్టొద్దు. చల్లబడని సీసా మూత తీస్తే పొంగిపోయే ప్రమాదం ఎక్కువ. సీసాల్లో పట్టేటప్పుడు 19 లీటర్లకు 110-120 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (సీసాలో గ్యాస్ పుట్టడానికి వేసే చక్కెర) మామూలు లెక్క. అంతకు బాగా మించినా, బీరు పూర్తిగా పులియకముందే సీసాలకు ఎక్కించినా, లోపల వేరే సూక్ష్మజీవులు చేరినా పొంగుతుంది. అనుమానంగా ఉన్న సీసాను తువ్వాలు చుట్టి, సింక్‌లో పెట్టి తెరవండి.

గ్లాసులను సబ్బు వాసన, జిడ్డు లేకుండా కడగాలి. తడి గ్లాసు లోపల నీళ్లు పొరలా జారితే శుభ్రంగా ఉన్నట్టు, చుక్కలు చుక్కలుగా నిలిస్తే ఇంకా జిడ్డుందని అర్థం. ఆ జిడ్డే నురగను చంపేస్తుంది. స్టీలు గ్లాసుల్లో రంగు కనపడదు కాబట్టి చిన్న గాజు గ్లాసులే వాడండి. ఆ పూట గదిలో అగరుబత్తి వెలిగించొద్దు, వంటింట్లో పోపు పెట్టొద్దు, అత్తరు పూసుకోవద్దు. ఒక్క ఇంగువ పోపు చాలు, హాప్స్ (బీరుకి చేదు, పరిమళం ఇచ్చే పూలు) వాసన ముక్కుకి అందకుండా పోతుంది. నోరు కడుక్కోవడానికి మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్లు, ఉత్త బ్రెడ్ పెట్టండి. మిర్చి బజ్జీలు అంతా అయ్యాకే.

పోయడం

ఆరు నుంచి ఎనిమిది రకాలు చాలు, ఆ పైన నాలుక మొద్దుబారుతుంది. మనిషికి 60 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 355 మిల్లీలీటర్ల సీసా మడ్డి వదిలేశాక ఐదుగురికి వస్తుంది. 6 శాతం ఆల్కహాల్ ఉన్న బీర్లు ఎనిమిది ఇలా తాగినా, అమెరికా లెక్కలో (ఒక డ్రింకంటే 14 గ్రాముల ఆల్కహాల్) ఒకటిన్నర డ్రింకులు దాటినట్టే. కాబట్టి బండి తోలేవాళ్లు రుచి చూసి మిగిలింది పారబోయడానికి బల్ల మీద ఒక గిన్నె ఉండాలి.

తేలికవి ముందు, ఘాటువి తర్వాత. గోధుమ బీరు, పేల్ ఏల్, హాప్స్ ఎక్కువుండే ఐపీఏ, ఆ తర్వాత నల్లటి స్టౌట్. పుల్లటివి, పొగ వాసనవి చివరకి. తేలిక లాగర్ 4-7 డిగ్రీల్లో, స్టౌట్ 10-13 డిగ్రీల్లో బావుంటాయి. మరీ చల్లగా ఇస్తే తప్పులు దాక్కుంటాయి. సీసా మధ్యలో నిలబెట్టకుండా అన్ని గ్లాసుల్లోకీ ఒకే దఫాలో పోసి, అడుగున వేలెడు బీరు వదిలేయండి. సీసాను ఆపి ఆపి వంచితే మడ్డి లేచి కలిసిపోతుంది.

ముక్కు, ఆ తర్వాతే నాలుక

నురగ ఉండగానే వాసన చూడండి, కొన్ని వాసనలు నిమిషంలో ఎగిరిపోతాయి. గ్లాసును కాస్త తిప్పి, రెండు మూడు సార్లు పొట్టిగా పీల్చండి. తర్వాత రంగు, తేటదనం. అప్పుడు చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగండి, మింగాక అరనిమిషం దాకా ఏం మిగిలిందో గమనించండి.

చాలామంది చేదును, వగరును కలిపేస్తారు. చేదు కాకరకాయది. వగరు వక్క నమిలినప్పుడు నాలుక పట్టేసినట్టు ఉండేది. చేదు హాప్స్ నుంచి వస్తుంది. వగరు చాలాసార్లు మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని) 77 డిగ్రీలు దాటిన నీళ్లతో కడిగినందువల్ల వస్తుంది. కారణాలు వేరు కాబట్టి సరిచేసే దారీ వేరే.

మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కాగితం మీద రాయాలి. మొదట ఎవరైనా "అరటిపండు" అన్నారంటే తక్కినవాళ్లందరికీ అరటిపండే తగులుతుంది! చేసినవాళ్లు ఆఖరున మాట్లాడాలి. మార్కులు కావాలంటే అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలకు అర్హత ఇచ్చే సంస్థ) పద్ధతి ఉంది: మొత్తం 50, అందులో వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10.

తేడా కొట్టినప్పుడు

అరటిపండు, లవంగం వాసనలు జర్మన్ గోధుమ బీరులో ఉండాల్సినవే, లాగర్‌లో అయితే తప్పు. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే మాల్ట్ నుంచి తీసిన రసాన్ని మూతపెట్టి మరిగించి ఉంటారు. మూత తీసి గంట నుంచి గంటన్నర మరిగించాలి. పచ్చి ఆపిల్ వాసనంటే ఈస్ట్ పని పూర్తికాకముందే తీసేశారన్నమాట. బ్యాండ్-ఎయిడ్ వాసనకి మామూలుగా క్లోరిన్ నీళ్లే కారణం. బీరు చేయకముందే 20 లీటర్ల నీళ్లకు పావు క్యాంప్‌డెన్ మాత్ర (క్లోరిన్‌ను విరిచే సల్ఫైట్ మాత్ర) కలిపితే ఆ క్లోరిన్ పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన గాలి తగిలి పాతబడిన బీరుది. సాయంత్రానికి పులిసిన కల్లులా ఉంటే గొట్టాలు, పంపులు సరిగా శుభ్రం చేయలేదనే ముందు అనుమానించాలి. ఎండ తగిలిన ఆకుపచ్చ సీసాలో కాలిన రబ్బరు లాంటి కంపు పుడుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది సినిమా హాలు పాప్‌కార్న్ మీద వెన్న లాంటి వాసన, డయాసిటైల్. సీసాల్లో పట్టేరోజు కనపడకుండా ఉండి, రెండు వారాలకు బయటపడగలదు. దీన్ని ముందే పట్టుకోవచ్చు. పులుస్తున్న బీరును రెండు గాజు సీసాల్లో కొద్దికొద్దిగా తీసి, వదులుగా ఫాయిల్ కప్పండి. ఒకదాన్ని 60-70 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి, రెండింటినీ ఒకే చల్లదనానికి తెచ్చి వాసన చూడండి. వేడి చేసినదాంట్లో వెన్న వాసన వస్తే, ఆ బీరును 18-20 డిగ్రీల్లో ఇంకో మూడు రోజులు ఈస్ట్ మీదే ఉంచి, మళ్లీ ఇదే పరీక్ష చేశాకే సీసాల్లో పట్టండి.