వాడిపోయేది ముందు

గంగవావిలి కూర కోసుకొచ్చిన పూట నేను కంప్యూటర్ ముందు కూర్చోను. ఈ నియమం పెట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మొదట్లో ఇంటికి రాగానే సంచి ఒక మూల పెట్టి, ఫోటోలు ఎక్కించి, నాలుగు పేరాలు రాసి, వెబ్‌సైట్‌లో పెట్టేదాన్ని. లేచి చూసేసరికి సంచిలో ఆకు వేడెక్కి, మెత్తబడి, జిగురు కారుతూ ఉండేది. ఏ మొక్క గొప్పదనం గురించి అంతసేపు రాశానో ఆ మొక్కనే పారబోయాల్సి రావడం నన్ను చాలా బాధపెట్టింది.

బయట తిరిగి కూరలు, పండ్లు ఏరుకోవడం, నారతో తాళ్లు పేనడం, బుట్టలు అల్లడం, వాటి గురించి ఒక వెబ్‌సైట్ నడపడం: ఇవన్నీ ఒక్క మనిషి చేయగలిగిన పనులే. కానీ వారాన్ని సమాన భాగాలుగా పంచుకుంటే కుదరదు. ఆదివారం సేకరణ, సోమవారం అల్లిక, మంగళవారం రాత అని పట్టిక వేసుకున్నవాళ్లు రెండు నెలల్లో ఏదో ఒకటి వదిలేయడం చూశాను. మొక్కకు మన పట్టికతో పనిలేదు. వాన పడిన మూడో రోజున చిగురు వస్తే ఆ రోజే వెళ్లాలి. వెబ్‌సైట్ మాత్రం ఎన్నాళ్లయినా ఆగుతుంది. అందుకే ఏది ముందు వాడిపోతుందో దాన్ని ముందు అందుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఆకుకూర ఒక పూటలో వాడుతుంది. మెత్తటి పండ్లు ఒకటి రెండు రోజులు ఆగుతాయి. నార బాగా ఎండబెడితే నెలల తరబడి నిలుస్తుంది. ఫోటోకు తొందరేమీ లేదు. ఇంకొకటుంది, చాలామంది లెక్కలోకి తీసుకోనిది: జ్ఞాపకం. అది ఒక్క రాత్రిలో వాడిపోతుంది. మొక్క పక్కన ఏం పెరుగుతోంది, కాడ విరిస్తే ఏ రంగు రసం వచ్చింది, నేల తడిగా ఉందా లేదా అన్నవి మర్నాటికి సగం చెరిగిపోతాయి. కాబట్టి ఇంటికి వచ్చాక నా వరుస ఇది: మొదట ఆకును నీడలో పరచడం, తర్వాత నోటుపుస్తకంలో పది నిమిషాల రాత, ఆ తర్వాత కూర బాగుచేయడం. ఫోను ముట్టుకునేది వీటన్నిటి తర్వాతే.

నోటుపుస్తకం కాగితానిదే కావాలి, పెన్సిల్‌తోనే రాయాలి. తడి చేతులతో, మొక్కల రసం అంటిన వేళ్లతో ఫోను తెర మీద రాయలేం. సిరా తడికి అలుముకుపోతుంది, పెన్సిల్ గీత చెక్కుచెదరదు. తేదీ, వేళ, మొక్క దశ (లేత, పూత, గింజ), చుట్టుపక్కల మొక్కలు, కోసిన భాగం రాయండి. వేళ ఎందుకంటారా? గంగవావిలి ఒకరోజు బాగా పుల్లగా, ఇంకోరోజు చప్పగా ఎందుకుంటోందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పుస్తకం తిరగేస్తే, పుల్లగా ఉన్నవన్నీ తెల్లవారుజామున కోసినవని తేలింది. నీటి ఎద్దడిలో ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట గాలి పీల్చుకుంటుంది. పీల్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలంతా ఖర్చు చేస్తుంది. అందుకే పొద్దున పులుపెక్కువ, సాయంత్రం తక్కువ. వేళ రాసిపెట్టి ఉండకపోతే ఈ సంగతి గురించి వెతకాలని కూడా నాకు తట్టేది కాదు.

అసలు చిట్కాకు వస్తాను. నా వెబ్‌సైట్ ఒక ఏడాది వెనకబడి నడుస్తుంది. ఈ ఏడాది కోసిన కూర గురించి, అల్లిన బుట్ట గురించి ఈ ఏడాది ప్రచురించను. వచ్చే ఏడాది ఆ కాలం మొదలవడానికి రెండు వారాల ముందు ప్రచురిస్తాను. దీనివల్ల కోత కాలంలో నా మీద రాత ఒత్తిడి ఉండదు. చదివేవారికి కూడా సరైన వేళకు అందుతుంది. కోత ముగిసిన రోజున వ్యాసం పెడితే, దాన్ని చదివి బయటికి వెళ్లినవారికి ముదిరిన కాడలే మిగులుతాయి.

ఏడాది ఆగడం వల్ల తప్పులు కూడా బయటపడతాయి. పచ్చి ఆకులతో నేను అల్లిన మొదటి బుట్ట ఆ రోజు ఎంత బిగువుగా, ఎంత అందంగా ఉందో చెప్పలేను. వెంటనే ఫోటో తీసి, అల్లే పద్ధతంతా రాసి పెట్టాను. నెల తిరిగేసరికి ఆకు ఎండి, కుంచించుకుపోయి, అల్లిక మధ్య వేలు దూరేంత సందులు వచ్చాయి. ఆకును ముందు పూర్తిగా ఎండబెట్టి, అల్లే ముందు మళ్లీ తడిపి, తడిగుడ్డలో చుట్టి ఉంచి మెత్తబరచుకోవాలి. కుంచించుకోవడమంతా అల్లకముందే జరిగిపోవాలి. నా వ్యాసం నమ్మి అల్లినవారి బుట్టలన్నీ వదులైపోయి ఉంటాయి. అప్పటి నుంచి ఏ వస్తువునైనా రెండు ఫోటోలతోనే చూపిస్తున్నాను: చేసిన రోజుది, ఆరు నెలల తర్వాతది.

మొక్కల విషయంలో తప్పు జరిగితే బుట్ట వదులైనంత తేలిగ్గా పోదు. గంగవావిలి పక్కనే, అదే నేలలో, అలాగే నేలబారుగా నానబాలు జాతి మొక్కలు పాకుతుంటాయి. గంగవావిలి కాడ లావుగా, నున్నగా, నీళ్లతో నిండి ఉంటుంది, విరిస్తే నీటి లాంటి రసం వస్తుంది. నానబాలు కాడ సన్నగా తీగలా ఉంటుంది, విరిస్తే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు వచ్చే మొక్కను తినకూడదు. పాత ఫోటోలు సరిచూస్తుండగా, ‘ఇదే గంగవావిలి’ అని నేను పెట్టిన ఒక చిత్రంలో కింది మూలన ఆ మొక్క కొమ్మ ఒకటి కనిపించింది. ఆ క్షణాన చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడు ప్రతి మొక్కకూ కాడ విరిచి, రసపు బొట్టు కనిపించేలా దగ్గరి నుంచి ఒక ఫోటో తీస్తాను. తప్పుగా పోల్చుకునే మొక్కను కూడా పక్కనే పెట్టి చూపిస్తాను. గంగవావిలిలో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవారు జాగ్రత్తపడాలన్న మాటను వ్యాసం అడుగున దాచకుండా మొదట్లోనే రాస్తాను. పుట్టగొడుగుల గుర్తింపు గురించి మాత్రం రాయను. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు విషం వండినా పోదు, లక్షణాలు సాధారణంగా ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి. ఫోటో చూసి నేర్చుకునే విద్య కాదది. తెలిసినవారి పక్కన నడిచి నేర్చుకోవాలి.

రాతకు వేళ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. చేతిపనిలోనే దొరుకుతుంది. నార నానడానికి, రంగు పట్టడానికి, ఆకు మెత్తబడటానికి మనం కాచుకుని కూర్చోవాల్సిన గంటలు చాలా ఉంటాయి. ఉదయం నార నానబెట్టి, అది మెత్తబడేలోగా ఒక చిత్తుప్రతి రాస్తాను. గంట దాటి కూర్చోను, ఎందుకంటే అవతల నార సిద్ధమవుతుంది. రాయడానికి ఇంతకన్నా మంచి గడియారం నాకు దొరకలేదు.

తాడు పేనడం, ఫోటో తీయడం మాత్రం ఒకేసారి పెట్టుకోకండి. నార గుత్తిని సరిగ్గా మధ్యకు కాకుండా మూడో వంతు దగ్గర మడవాలి. అప్పుడు రెండు పోగుల కొసలు ఒకేచోట అయిపోవు, అతుకులు ఒకదాని పక్కన ఒకటి పడవు. అవతలి పోగును బొటనవేలితో అవతలికి పురి పెట్టి, ఇవతలి పోగు మీదుగా మన వైపుకు తేవాలి. ఇప్పుడు రెండో పోగు అవతలికి వెళ్లింది, దానికీ అంతే. పోగుల పురి ఒక దిక్కుకు, వాటి పెనవేత ఎదురు దిక్కుకు ఉండటం వల్లే తాడు విప్పుకోదు. ఈ లయ మధ్యలో ఫోను అందుకుంటే పట్టు జారి నాలుగు వేళ్ల మేర పురి విడిపోతుంది. అందుకని నా తాడు నేను నా కోసం పేనుకుంటాను. చూపించడానికి వేరే రోజున జానెడు తాడు విడిగా పేనుతూ, ఫోనును స్టాండుకు బిగించి ఫోటోలు తీస్తాను.

ఇక వెబ్‌సైట్‌లో జాగ్రత్తపడాల్సిన ఒక విషయం నన్ను బాగా దెబ్బతీసింది. ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఫైలులోనే అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. నేను ఆరేళ్లు కాపాడుకున్న ఒక చిన్న చెలక ఫోటోను అలాగే పెట్టేశాను. తర్వాతి కాలంలో వెళ్లి చూస్తే అక్కడి మొక్కలన్నీ వేళ్లతో సహా పీకేసి ఉన్నాయి. ఎవరు, ఎలా వచ్చారో నాకు తెలియదు, కానీ దారి మాత్రం నా ఫోటోలోనే ఉంది. నేను కణుపు పైన గిల్లి వదిలేదాన్ని, పది రోజుల్లో మళ్లీ చిగురించేది. ఇప్పుడు కెమెరాకు లొకేషన్ అనుమతి తీసేశాను. అప్‌లోడ్ చేసే ముందు ఫైలులోని సమాచారాన్ని కూడా చెరిపేస్తాను. వెనక గుట్ట, వంతెన, బోర్డు లాంటి ఆనవాళ్లు పడకుండా నేలకు వంగి తీస్తాను.

ఫోటోను 1600 పిక్సెళ్ల వెడల్పుకు, సుమారు 200 నుంచి 300 కిలోబైట్లకు తగ్గించి పెట్టండి. మీ పేజీని చాలామంది తెరిచేది సిగ్నల్ సరిగా అందని చోట, మొక్క ముందు నిలబడి. మిగతా నిర్వహణకు నెలకు ఒక పూట చాలు, అది కూడా వాన పడి బయటికి వెళ్లలేని పూట: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, తెగిన లింకులు, బ్యాకప్. మొత్తం మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. ఏడాదికొకసారి బ్యాకప్ నుంచి సైట్‌ను తిరిగి నిలబెట్టి చూడండి. .కామ్ పేరును ఒకేసారి పదేళ్ల వరకు నమోదు చేసుకోవచ్చు. కోత కాలంలో గడువు ముగిసి, వారం రోజులు సైట్ కనిపించకుండా పోయాక నేను అలాగే చేశాను.

కోత మొదలయ్యే ముందురోజు మొదటి పేజీ పైన రెండు వాక్యాలు పెడతాను: ‘కోతల్లో ఉన్నాను. ఉత్తరాలకు జవాబులు పూత వచ్చాక రాస్తాను.’ పూత వస్తే కాడ ముదిరిపోతుంది, నాకు తీరిక దొరుకుతుంది. ఇన్నేళ్లలో ఆ మాటకు నొచ్చుకున్నవారు ఒక్కరూ లేరు. చాలామంది వాళ్ల దగ్గర పూత ఎప్పుడు వచ్చిందో రాసి పంపుతారు. ఆ తేదీలన్నీ నోటుపుస్తకం చివరి పేజీల్లో వరుసగా రాసుకుంటున్నాను.