పిల్లలతో వసంతపు నడకకి ఒక దారం ముక్క

వసంతంలో పిల్లల్ని చెట్ల మధ్యకి తీసుకెళ్తుంటే జేబులో ఒక రంగు దారం ముక్క వేసుకోండి. ఆకు రాల్చి మళ్లీ చిగురేస్తున్న చెట్టు చూసి, వాళ్ల చేతికి అందే కొమ్మకి వదులుగా కట్టించండి. వారం తర్వాత అక్కడికే వెళ్తే మొగ్గ ఎంత విచ్చుకుందో వాళ్లే స్కేలు పెట్టి కొలుస్తారు.

ఇలాంటి చెట్లలో చాలావాటికి మొగ్గలు కిందటేడే తయారై, చలికాలమంతా పొలుసుల కింద ముడుచుకుని ఉంటాయి. ఆ పొలుసులు రాలిన చోట కొమ్మ చుట్టూ సన్నటి గీతలు ఉంగరంలా మిగులుతాయి. కొమ్మ చివరి నుంచి వెనక్కి వేలితో తడుముతూ వస్తే తగులుతాయి. ఒక ఉంగరం నుంచి ఇంకో ఉంగరానికి మధ్య ఉన్నది ఒక ఏడాది పెరుగుదల. మా చిన్నది లెక్కపెట్టి, "ఈ పుల్ల నాకంటే పెద్దది!" అంది.

రాలిన ఆకు దొరికితే ఈనెలు ఉబ్బిన వైపు పైకి పెట్టి, పల్చటి కాగితం కప్పి, క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దించండి. ఎంత దూరం నడిచామన్న టెన్షన్ వద్దు, గంటలో వంద అడుగులు కూడా కదలకపోవచ్చు. చివరిసారి వెళ్లినప్పుడు మాత్రం దారం విప్పేసి రండి, కొమ్మ లావెక్కితే బిగుసుకుపోతుంది.